అసిర్పాకు సర్టిఫికెట్ ఎవరిస్తారు?



ఇక్కడ పోడు పట్టాల గురించి రాస్తారు, జీవో నంబర్ 3 గురించి రాస్తారు, మెస్ బిల్లులు ఎన్ని నెలలుగా రాలేదో రాస్తారు. మేం రాసేది జపాన్ బొమ్మల సీరియళ్ల గురించి. వీళ్లకేం పనిలేదా అని పైకి తోసేయకండి. పెద్ద పోస్టే, కానీ తిరిగి తిరిగి మన దగ్గరికే వస్తుంది.

మేం అంటే హాస్టల్‌లో ఒకే రూములో ఉండే నలుగురం. ఇద్దరం భద్రాచలం వైపు కోయలం, ఒకడు ఉట్నూరు దగ్గరి గోండు, ఒకడు చింతూరు అవతలి కొండరెడ్డి. మా నాలుగు ఇళ్లలోనూ డిగ్రీ కాలేజీ గేటు దాటింది మేమే మొదలు. టైపు చేసేది ఒకడే అయినా మాటలు నలుగురివి.

అనిమే మాకు కాలేజీకి వచ్చాక అంటిన పిచ్చి కాదు. ఆశ్రమ పాఠశాలలో ఆదివారం టీవీ పెడితే డోరేమాన్, షిన్‌చాన్ తెలుగులో మాట్లాడేవాళ్లు. అవి జపాన్‌వని కూడా అప్పుడు తెలీదు. నోబిత ఏ కొత్తగూడెం పిల్లోడో అనుకునేవాళ్లం. ఫోన్ చేతికొచ్చాక నరుటో, డీమన్ స్లేయర్, అటాక్ ఆన్ టైటన్. రోజుకు ఒకటిన్నర జీబీ డేటా, ఒకడి హాట్‌స్పాట్ మీద నలుగురం, మూలకి పగిలిన స్క్రీన్. ఒక ఎపిసోడ్ ఇరవై నాలుగు నిమిషాలు. మెస్ లైన్‌లో నిలబడి కంచం చేతికొచ్చేదాకా పట్టే టైము కూడా అంతే.

ఇప్పుడు అసలు సంగతి. ఈ మధ్య అమెరికా, ఇంగ్లండ్ పెద్ద పత్రికలు అనిమే గురించి గౌరవంగా రాస్తున్నాయి. ఏడాది చివర వేసే మంచి సీరియళ్ల జాబితాల్లో అనిమేకీ చోటు దొరుకుతోంది. మా క్లాసులో కొందరు ఆ లింకులు తెచ్చి "చూశారా, ఇది పిల్లల బొమ్మలు కాదని ఇప్పుడు వాళ్లే ఒప్పుకున్నారు" అని సంబరపడుతున్నారు. మాకూ సంబరమే. కానీ రూములో ఒక రాత్రంతా వాదన నడిచింది, ఆ ఒప్పుకోవడం ఎవరికోసం, దానివల్ల ఎవరికి ఏం వచ్చింది అని. ఆ వాదనే ఈ పోస్టు.

అనిమే అమెరికాకి వెళ్లి చాలా కాలమైంది. ఒసాము తెజుకా ఆస్ట్రో బాయ్ 1963లోనే అక్కడి టీవీల్లో వచ్చింది. వచ్చింది పిల్లల సరుకుగా. తర్వాత ఏళ్ల తరబడి అభిమానులే వీడియో క్యాసెట్లు కాపీ చేసుకుని, వాళ్లే సబ్‌టైటిళ్లు రాసుకుని, ఒకరికొకరు పోస్టులో పంపుకున్నారు. విమర్శకులు రాకముందు దాన్ని భుజాన మోసింది మనలాంటి కుర్రకారే అన్నమాట.

విమర్శకుల్లో ముందే కళ్లు తెరిచినవాళ్లు లేకపోలేదు. షికాగోలో రోజర్ ఎబర్ట్ అని ఉండేవారు. సినిమా విమర్శకు పులిట్జర్ బహుమతి అందుకున్న మొదటి మనిషి. ఆయన 'గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్'ని తన గొప్ప సినిమాల వరసలో చేర్చారు, యుద్ధం మీద వచ్చిన గొప్ప సినిమాల్లో దీనికి చోటుండాల్సిందే అని రాశారు. బొమ్మల సినిమాల్లో గొప్పది అనలేదు, యుద్ధ సినిమాల్లో అన్నారు. ఆ తేడా మాకు నచ్చింది. ఆ సినిమా మేం ఒక్కసారే చూశాం. అన్న, చెల్లి, డబ్బాలో పండ్ల రుచి బిళ్లలు. రెండోసారి చూసే ధైర్యం రూములో ఎవడికీ లేదు.

తర్వాత మియాజాకి. 'స్పిరిటెడ్ అవే' 2002లో బెర్లిన్‌లో గోల్డెన్ బేర్ తెచ్చుకుంది, 2003లో ఆస్కార్ తెచ్చుకుంది. ఆయన ఆస్కార్ తీసుకోవడానికి వెళ్లలేదు. ఇరాక్ మీద బాంబులు వేస్తున్న దేశానికి వెళ్లబుద్ధి కాలేదని కొన్నేళ్ల తర్వాత చెప్పారు. (ఈ ముక్క చదివిన రోజు మా కొండరెడ్డోడు లేచి చప్పట్లు కొట్టాడు, పక్క రూమువాళ్లు తలుపు బాదారు.) 2016లో బీబీసీ 177 మంది విమర్శకులను అడిగి ఈ శతాబ్దపు గొప్ప సినిమాల జాబితా వేస్తే 'స్పిరిటెడ్ అవే' నాలుగోది. 2022లో సైట్ అండ్ సౌండ్ పత్రిక పదేళ్లకోసారి వేసే వంద గొప్ప సినిమాల జాబితాలోకి 'మై నెయిబర్ టొటొరో' కూడా వచ్చింది.

గమనించారా, ఇవన్నీ సినిమాలు. సీరియళ్ల గతి వేరు. సినిమా అయితే రెండు గంటలు, ఒక పెద్ద దర్శకుడి పేరు, ఒక ఫెస్టివల్, ఎర్ర తివాచీ. విమర్శకుడు వచ్చి కూర్చుని చూసి రాసేస్తాడు. సీరియల్ అయితే ఇరవై ఆరు ఎపిసోడ్లో, ఇంకా ఎక్కువో. చాలావరకు జపాన్‌లో అర్ధరాత్రి దాటాక వేసేవి. వాటికి తీరిక ఉన్నవాళ్లు కాలేజీ కుర్రాళ్లే. 'నియాన్ జెనెసిస్ ఇవాంజెలియన్' జపాన్ టీవీలో వచ్చింది 1995లో. ఇంగ్లిష్ పెద్ద పత్రికలు దాని మీద వరసబెట్టి పొడుగు వ్యాసాలు వేసింది 2019లో, అది నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చాక. ఇరవై నాలుగేళ్లు! ఆ మధ్యలో అది మారిందేం లేదు. మారింది అది దొరికే చోటు. సోనీ వాళ్లు క్రంచీరోల్‌ని 2021లో వంద కోట్ల డాలర్లు దాటించి కొన్నారు. అంత డబ్బు కదిలే చోటికి పత్రికల చూపు కూడా కదులుతుంది. ఇందులో తప్పేం లేదు, కానీ కళ మీద ప్రేమ ఒక్కటే వాళ్లని తెచ్చిందంటే మేం ఒప్పుకోం.

ఇంకో మాట. వాళ్లు ముందుగా నెత్తిన పెట్టుకున్న సీరియల్ 'కౌబాయ్ బీబాప్'. 2001 సెప్టెంబర్‌లో అక్కడ రాత్రిపూట పెద్దల కోసం వేయడం మొదలుపెట్టారు. అందులో జాజ్ సంగీతం ఉంది, అమెరికా పాత నేరకథల నీడలున్నాయి, పేరులోనే కౌబాయ్ ఉన్నాడు. మంచి సీరియలే, యోకో కన్నో సంగీతం మేం చదువుకునేటప్పుడు పెట్టుకుంటాం. కానీ వాళ్ల సొంత సరుకు జపాన్ అంతా తిరిగి ఇంకా అందంగా వాళ్లింటికే వచ్చింది కాబట్టి గుర్తుపట్టడం తేలికైంది. తమకు ముందే తెలిసిన ముఖాన్ని ఎవరైనా తొందరగా పలకరిస్తారు. అదే మియాజాకి 'ప్రిన్సెస్ మోనోనొకె' తీసుకోండి. అడవి, ఇనుము, పర్యావరణం అని దాని మీద చాలా రాశారు. మేం చూసినప్పుడు మా కన్ను ఆగింది వేరే చోట. కథానాయకుడు అషితక ఎమిషి జాతివాడు. రాజు మనుషులు తరిమేస్తే తూర్పు కొండల్లోకి పోయి దాక్కున్న జాతి. ఊరి పెద్దలు చీకట్లో కూర్చుని, మన జాతి ఇలా అయిపోయి ఐదు వందల ఏళ్లయింది, ఇప్పుడు ఉన్న ఒక్క కుర్రాడూ వెళ్లిపోవాల్సి వచ్చింది అని మాట్లాడుకుంటారు. రెండు నిమిషాల సీను. మేం దాన్ని వెనక్కి జరిపి మళ్లీ చూశాం.

ఇక్కడికి వచ్చాక సెమినార్ సంగతి చెప్పాలి.

పోయిన సెమిస్టర్‌లో ఇంగ్లిష్ ఇంటర్నల్స్‌కి ఒక పని ఇచ్చారు. మీకు నచ్చిన కళాఖండం గురించి పది నిమిషాలు మాట్లాడాలి, స్లైడ్లు చేసుకోవాలి, పది మార్కులు. మా గోండు తమ్ముడు 'గోల్డెన్ కముయ్' అని పేరు ఇచ్చాడు. లెక్చరర్ పేరు చూసి, ఏంటిది అని అడిగి, అనిమే అనగానే "కార్టూన్లు వద్దు నాయనా, సాహిత్యం ఏదన్నా తీసుకో" అన్నారు. కోపంగా అనలేదు. చెడ్డ మనిషీ కాదు. మా ఫీజు రసీదు గొడవప్పుడు ఆఫీసుకు మాతోపాటు నడిచొచ్చిన మనిషి. వారం తిరిగాక వేరే కుర్రాడు 'స్పిరిటెడ్ అవే' మీద మాట్లాడాడు. మొదటి స్లైడ్ నిండా బంగారు బొమ్మ, ఆస్కార్ 2003 అని. అదే లెక్చరర్ ముందు బెంచీలోకి వచ్చి కూర్చుని విన్నారు, వెరీ గుడ్ అన్నారు. ఆ కుర్రాడి మీద మాకేం లేదు, బాగా మాట్లాడాడు. కానీ ఆ రాత్రి రూములో లైటు ఆరలేదు.

ఎందుకంటే 'గోల్డెన్ కముయ్' మాకు మామూలు సీరియల్ కాదు.

చూడనివాళ్ల కోసం: సటోరు నోడా 2014 నుంచి 2022 దాకా గీసిన కథ. 2018లో అనిమేగా వచ్చింది. 1904-05 రష్యా, జపాన్ యుద్ధం ముగిసిన కాలం, జపాన్‌కి ఉత్తరాన ఉన్న హొక్కైడో దీవి. సుగిమొటో అనే మాజీ సైనికుడు, దాచిపెట్టిన బంగారం, ఆ దారి తెలిపే పచ్చబొట్లు ఒంటి మీద ఉన్న జైలు ఖైదీలు. కథ అంతా వేట, వెంటాడటం. కానీ ఆ సైనికుడిని మంచులో బతికించేది ఒక చిన్న పిల్ల, పేరు అసిర్పా. ఆమె ఐను. ఐనులు ఆ దీవి ఆదివాసులు. ఎలుగు మీద పడితే విషం పూసిన బాణం వేసేది ఆమె. ఏ చెట్టు బెరడు దేనికి పనికొస్తుందో, ఉడతకు ఉచ్చు ఎక్కడ కట్టాలో, ఏ నీళ్లు తాగొచ్చో చెప్పేది ఆమె. తుపాకీ ఉన్నవాడు విద్యార్థి, అడవి పిల్ల టీచర్. మేం చూసిన సినిమాల్లో అడవి మనిషి అంటే హీరోకి దారి చూపించి చచ్చిపోయేవాడు, లేదంటే ఆకులు కట్టుకుని ఎగిరేవాడు. ఇక్కడ అట్లా కాదు.

మా రూములో ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లు వేగంగా చదవగలిగేవాడు ఒక్కడే. వాడు చదివి గట్టిగా తెలుగులో చెప్తాడు, మిగతావాళ్లం బొమ్మ చూస్తాం. ఈ సీరియల్‌కి వచ్చేసరికి వింత జరిగింది. ఉచ్చులు, బెరళ్లు, జంతువు జాడలు, మాంసం ముక్కల పేర్లు వచ్చేసరికి వాడికి తెలుగు ఆగిపోయి కోయ వచ్చేస్తోంది. తెలుగు వాడు చదువుకున్న భాష, ఆ పనులు చేసింది కోయలో. గోండు తమ్ముడికి కోయ సగం అర్థమవుతుంది కాబట్టి వాడు అందుకుని గోండిలో ఇంకో మాట అనేవాడు. కొండరెడ్డోడి ఇంట్లో తెలుగే, కానీ వాళ్ల తెలుగులో ఆ ఉచ్చులకు పేర్లున్నాయి. మన పుస్తకాల్లో లేని తెలుగు అది. ఇట్లా ఇరవై నాలుగు నిమిషాల ఎపిసోడ్ గంట పట్టేది.

అసిర్పా వేటాడిన ఉడతను కత్తితో కొట్టి కొట్టి ముద్ద చేస్తుంది. దాన్ని చితతప్ అంటారు. అందరూ వంతులవారీగా కొట్టాలి, కొడుతూ ఆ మాటే అనాలి. ఎంత పెద్ద సైనికుడైనా సరే అనాల్సిందే. తినేటప్పుడు హిన్న అంటారు, అది తిండికి చెప్పే కృతజ్ఞత. మా ఇళ్లల్లో కొత్త పంట ఇంటికొచ్చినా, మామిడి కాయ చేతికొచ్చినా, పండుం చేసి వేల్పుకు పెట్టకుండా నోట పెట్టరు. ఎందుకని అడిగితే ఏం చెప్పాలో తెలీక హాస్టల్‌లో నోరు మూసుకునేవాళ్లం. అసిర్పా మాత్రం ప్రతిసారీ చెప్తుంది, విసుక్కోకుండా, సిగ్గుపడకుండా.

అన్నిటికంటే మమ్మల్ని మంచం మీంచి లేపింది ఒక పేరు. అసిర్పా ఊళ్లో ఒక చిన్నపిల్ల ఉంటుంది, పేరు ఒసొమ. ఐను భాషలో దానికి అర్థం మలం. రోగాలు తెచ్చే దయ్యాలు మురికిని చూసి దూరం పోతాయని పసిపిల్లలకు అట్లాంటి పేర్లు పెట్టేవాళ్లట. సబ్‌టైటిల్ చదివేవాడు ఆ ముక్క చెప్పి ఆగిపోయాడు. వాళ్ల తాత పేరు పెంటయ్య. ముందు పుట్టిన ఇద్దరు పోయాక ఈయన పుడితే, బతకాలని పెంటకుప్ప మీద పెట్టి తీశారు, పెంటయ్య అన్నారు. మన తెలుగు నేల మీద పెంటయ్యలు, పెంటమ్మలు ప్రతి ఊళ్లో ఉన్నారు, అది మనోళ్లకే కాదు. కానీ స్కూల్లో హాజరు పిలిచేటప్పుడు తండ్రి పేరు పెంటయ్య అంటే క్లాసంతా నవ్విన సంగతి మాకు తెలుసు. ఆరు వేల కిలోమీటర్ల అవతల మంచులో ఒక పిల్ల అదే కారణంతో అదే పేరు పెట్టుకుని హాయిగా ఆడుకుంటోంది. ఎవరూ నవ్వడం లేదు. ఆ రాత్రి తర్వాతి ఎపిసోడ్ పెట్టలేదు.

సీరియల్ గొప్పగా తీశారా అంటే, నిజం చెప్పాలి, మొదటి సీజన్‌లో కంప్యూటర్‌తో చేసిన ఎలుగుబంటిని చూసి ప్రపంచమంతా నవ్వింది. మేమూ నవ్వాం. నిజం ఎలుగును చూసినోళ్లం కదా, ఇంకొంచెం ఎక్కువ నవ్వాం. కానీ మాటల దగ్గర మాత్రం ఎగతాళి లేదు. హిరోషి నకగావా అనే ఐను భాషా పండితుడు మాటలన్నీ సరిచూశారు. నోడా ఐను పెద్దల దగ్గరికి వెళ్తే, మమ్మల్ని జాలిపడేట్టు గీయొద్దు, బలమైన ఐనులను గీయమని వాళ్లు అడిగారని ఆయన చెప్పారు. ఈ ఒక్క మాట మా గోడ మీద చార్ట్ పేపర్‌పై రాసి అంటించాం.

సరే, వాదన దగ్గరికి వస్తాం. లెక్చరర్‌ని ఒప్పించడం ఎట్లా? గూగుల్‌లో వెతికితే మాకో ఆయుధం దొరికింది. 2019లో లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం జపాన్ బొమ్మల కథల మీద పెద్ద ప్రదర్శన పెట్టింది. దాని పోస్టర్ మీద వేసిన బొమ్మ ఎవరిదో తెలుసా? అసిర్పాది. తలకు ఐను పట్టీ, చురుకైన కళ్లు. మన అమరావతి శిల్పాలు పట్టుకెళ్లి పెట్టుకున్న మ్యూజియమే అది. ఐనుల బట్టలు, సామాన్లు కూడా అక్కడ ఉన్నాయి.

"అయిపోయింది, మొదటి స్లైడ్ ఇదే. ఆస్కార్‌కి తాత" అన్నాడు కొండరెడ్డోడు.

"ఆల్లు పోస్టర్ ఏస్తేనే నీ అసిర్పా గొప్పదయ్యిందా?" అన్నాడు గోండు తమ్ముడు. "మా కనకరాజు తాతకు 2021లో పద్మశ్రీ ఇచ్చిన్రు. గుస్సాడి ఆటకు ఆయన మాకు ముందునుంచే గురువు. నెమలీకల టోపీ పెట్టుకుని దండారిలో ఆయన దిగితే ఊరంతా నిలబడేది. ఢిల్లీకి అప్పుడు తెలిసింది, గంతే."

"తెలియడం మంచిదే కదరా."

"మంచిదే. కానీ మొదటి స్లైడ్ కాదు."

మాలో కోయ ఇద్దరం కూడా రెండు పక్షాలయ్యాం. మా వైపు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. డోలి కొడుతూ సమ్మక్క, సారలమ్మ కథ, కోయ వంశాల కథలు పాడిన మనిషి. ఆ బహుమతి వచ్చాకే మా ఇంటర్ ఫ్రెండ్స్ కొందరు, డోలి కోయలంటే ఎవరు అని మమ్మల్ని మొదటిసారి అడిగారు. అడిగారు కదా, అది లాభమే అని ఒకడు. ఆ అడిగినవాడికి కథ ఒక్క ముక్కన్నా చెప్పగలిగావా అని ఇంకొకడు. చెప్పలేకపోయాం, మాకే రాదు. కనకరాజు గారు, రామచంద్రయ్య గారు ఇద్దరూ 2024లోనే పోయారు.

సర్టిఫికెట్ అంటే ఏంటో ఈ గ్రూపులో ఎవరికీ చెప్పక్కర్లేదు. మనం ఎవరమో మన ఊరందరికీ తెలుసు, అయినా ఎమ్మార్వో సంతకం లేకపోతే సీటు రాదు. అందుకని సర్టిఫికెట్ వద్దు అనడం డాబు మాట. అది తలుపు తెరుస్తుంది. డీమన్ స్లేయర్ 'ఇన్ఫినిటీ క్యాసిల్' 2025 సెప్టెంబర్‌లో అమెరికాలో మొదటి మూడు రోజులకే దాదాపు ఏడు కోట్ల డాలర్లు తెచ్చింది, అనిమేని ఎప్పుడూ పట్టించుకోని పత్రికలు కూడా రాశాయి. ఆ సినిమానే మన దగ్గర తెలుగులో కూడా థియేటర్లకు వచ్చింది, మాలో ఇద్దరం ఖమ్మం పోయి చూశాం. పేరు వస్తే డబ్బింగ్ వస్తుంది, సబ్‌టైటిళ్లు చదివే మావాడికి గొంతు నొప్పి తగ్గుతుంది.

కానీ తలుపు ఎవరికి తెరుచుకుంటుందో కూడా చూడాలి. ఐనుల సంగతే చూడండి. జపాన్ 1899లో ఒక చట్టం చేసి వాళ్లని మాజీ ఆదిమవాసులు అంది. వేట, చేపలు మానిపించి వ్యవసాయం చేయమంది, పిల్లలకు జపాన్ భాష నేర్పింది. ఆ చట్టం పోయింది 1997లో. ఐనులు ఆదివాసులని చట్టంలో ఒప్పుకుంది 2019లో, అసిర్పా లండన్ పోస్టర్ ఎక్కిన ఏడాదే. అయితే నదిలో సాల్మన్ చేపలు పట్టే హక్కు మాదేనని ఒక ఐను సంఘం 2020లో కోర్టుకు వెళ్తే, 2024లో సప్పోరో జిల్లా కోర్టు కాదంది. కథలో అసిర్పా పట్టి వండి అందరికీ పెట్టే చేప అది. లండన్ గోడ మీద ఆమె బొమ్మ ఉండొచ్చు, ఆ నదిలో వాళ్ల వల ఉండకూడదు. పోడు కేసులు మోసినోళ్లు మన ఇళ్లల్లో ఉన్నారు, దీన్ని వివరించి రాయక్కర్లేదు.

2024లో వచ్చిన సినిమాలో అసిర్పా వేషం ఐను కాని నటికి ఇచ్చారని అక్కడ చర్చ జరిగింది. మన భీమ్ వేషం ఆర్ఆర్ఆర్‌లో ఎవరు వేశారో, ఆ సినిమా జపాన్‌లో ఎంత ఆడిందో గుర్తు చేసుకుని మేం కాసేపు నవ్వుకున్నాం, కాసేపు ఊరుకున్నాం.

చివరికి సెమినార్ ఇట్లా జరిగింది. గోండు తమ్ముడు మళ్లీ లెక్చరర్ దగ్గరికి పోయి, సార్ ఇది సాహిత్యమే, వినండి, నచ్చకపోతే సున్నా వేయండి అన్నాడు. ఆయన సరే అన్నారు. మొదటి స్లైడ్‌లో మ్యూజియం లేదు. పెంటయ్య, ఒసొమ అని రెండు పేర్లు పక్కపక్కన, ఏం వివరణ లేకుండా. క్లాసు నవ్వింది. వాడు నవ్వు అయ్యేదాకా ఆగి, ఆ పేర్లు ఎందుకు పెడతారో చెప్పాడు. పది నిమిషాలు దాటి పద్దెనిమిది నిమిషాలు మాట్లాడాడు. బ్రిటిష్ మ్యూజియం ఆఖరి స్లైడ్‌లో ఉంది, దాని పక్కనే సాల్మన్ కేసు. లెక్చరర్ ఒకటే అడిగారు: "మీ భాషలో ఇట్లాంటి కథలు ఎవరైనా రాశారా?" వాడు తలకాయ అడ్డంగా ఊపాడు. పదికి ఏడు వచ్చింది. రెండు మార్కులు టైము దాటినందుకు తీశారట, మూడోది ఎందుకో చెప్పలేదు.

ఆ ప్రశ్నే మాతో రూముకి వచ్చింది. జపాన్‌లో అట్లా రాసిన మనిషి ఒకరున్నారని తర్వాత చదివాం. చిరి యుకియె, ఐను అమ్మాయి, 1903లో పుట్టింది. వాళ్ల అమ్మమ్మ, పెద్దమ్మ పాడే దేవతల పాటలు విని, ఐను మాటలను ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి, పక్కన జపాన్ భాషలో అర్థం రాసింది. పదమూడు పాటలు. గుండె జబ్బు. 1922 సెప్టెంబర్‌లో, రాతప్రతి ఆఖరి దిద్దుబాట్లు ముగించిన రోజే పోయింది. పంతొమ్మిదేళ్లు. పుస్తకం మరుసటి ఏడు వచ్చింది, వందేళ్లయినా చదువుతున్నారు. ఆమె విమర్శకుల కోసం రాయలేదు, అమ్మమ్మ గొంతు పోతుందని రాసింది. మా నలుగురికీ ఇరవై ఏళ్లు.

మా ఊరికి ఏటా వచ్చే డోలి తాత ఒకాయన ఉన్నాడు. పడిగె గుడ్డ విప్పి, దాని మీది బొమ్మలు కర్రతో చూపిస్తూ రాత్రంతా కథ చెప్తాడు. మొన్న సెలవుల్లో ఫోన్‌లో నలభై నిమిషాలు రికార్డు చేశాం, ఛార్జింగ్ అయిపోయింది. విన్నదాంట్లో సగం మాటలు మాకు తెలీవు, మా అమ్మకు కొన్ని తెలుసు. తాతకు అసిర్పా ఎలుగు మీద బాణం వేసే ముక్క చూపిస్తే రెండుసార్లు చూసి, "పిల్ల నిలబడ్డ తీరు బాగుంది, ఎలుగు మాత్రం అట్లా నడవదు" అన్నాడు. మేం చదివిన అన్ని సమీక్షల్లో మాకు బాగా నచ్చినది ఇదే.

తాత మళ్లీ వచ్చే నెల మొదటి వారంలో వస్తానన్నాడు. భద్రాచలం, బూర్గంపాడు చుట్టుపక్కల ఎవరి దగ్గరైనా చొక్కాకు పెట్టుకునే చిన్న మైకు, పవర్ బ్యాంకు ఉంటే రెండు రోజులకు ఇవ్వండి, భద్రంగా తిరిగి తెస్తాం. పాత కోయ మాటలు తెలిసిన పెద్దోళ్లు మీ ఇంట్లో ఉంటే వాళ్ల ఊరి పేరు కింద రాయండి, మేమే వచ్చి కూర్చుంటాం.